బోరు నీళ్లు తేటగా ఉన్నాయి, టీడీఎస్ 310. ఇంకా టెస్టు అవసరమా?

కొత్తబోరు:
నాలుగు నెలల కిందట ఒక పాత ఇల్లు కొనుక్కుని చేరాం. పబ్లిక్ లైను ఇటు రాలేదు, నీళ్లకి ఉన్నది పెరట్లో ఒక్క బోరే. నీళ్లు అద్దంలా ఉంటాయి, వాసన లేదు, రుచి కూడా బాగుంది. టీడీఎస్ మీటరు పెడితే 310 చూపించింది, చాలా మంచి నీళ్లు అన్నారు అందరూ. కానీ గట్టిగా వాన పడిన మర్నాడు కొళాయిలో నీళ్లు కాస్త మబ్బుగా వస్తాయి, రెండు రోజులకి మళ్లీ తేటపడతాయి. మోటారు రిపేరుకి వచ్చినాయన్ని అడిగితే "250 అడుగుల బోరు సార్, అంత లోతుకి ఏ మురికీ దిగదు" అనేసి వెళ్లిపోయాడు.

ఇంట్లో డెబ్బై దాటిన అమ్మ, మూడు నెలల పాప ఉన్నారు. పాపకి డబ్బా పాలే, ఈ నీళ్లు కాచి కలుపుతున్నాం. కాస్తున్నాం కాబట్టి భయం లేదని మా ఆవిడ, నాకేమో ఆ మబ్బు చూసినప్పటి నుంచి టెన్షన్. అసలు ఏ టెస్టులు చేయించాలి? ఎన్నాళ్లకోసారి? కాచిన నీళ్లకి కూడా టెస్టు కావాలా?

గాజుసీసా:
నీళ్ల టెస్టింగ్ ల్యాబులో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను, అందుకని కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఆ టీడీఎస్ మీటరు పక్కన పెట్టేయండి. అది నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో కొలిచి, దాన్నిబట్టి కరిగిన లవణాలు ఇన్ని ఉండొచ్చని లెక్కగట్టి చెబుతుంది, అంతకుమించి దానికేం తెలియదు. 310లో ఉన్నది కాల్షియమా నైట్రేటా అంటే చెప్పలేదు. ఆర్సెనిక్ ప్రమాదకరమైన మోతాదులో ఉన్నా ఆ అంకె కదలదు, ఎందుకంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆర్సెనిక్‌కి పెట్టిన పరిమితి లీటరుకి 0.01 మిల్లీగ్రాములు, మీ మీటరు చూపేది వందల్లో. ఇక బ్యాక్టీరియా సంగతి దానికి అసలే పట్టదు. మురుగు కలిసిన నీళ్లు కూడా 310 చూపించగలవు. ఈ మీటర్లు అమ్మినంత ధీమాగా టెస్టు బాటిళ్లు ఎవరూ అమ్మరు, అదీ మన ఖర్మ.

మీకు వెంటనే కావాల్సినవి రెండు. ఒకటి బ్యాక్టీరియా టెస్టు, రిపోర్టులో 'టోటల్ కోలిఫాం', 'ఇ-కోలి' అని రెండు లైన్లుంటాయి. మొదటిది ఉంటే పైనీళ్లు లోపలికి దిగే దారి ఏదో ఉండొచ్చని అర్థం. రెండోది ఉంటే ఆ దారిన మనిషి మలమో పశువుల మలమో వచ్చిందని. 100 మిల్లీలీటర్లలో ఇ-కోలి ఒక్కటి కూడా ఉండకూడదు, ఇందులో బేరం లేదు. ఇక రెండో టెస్టు నైట్రేట్. మీ ఇంట్లో పాప ఉంది కాబట్టి ఇది ఇంకా ముఖ్యం. ఎరువులు, పెంటకుప్పలు, సెప్టిక్ ట్యాంకుల నుంచి భూమిలోకి దిగుతుంది, రంగూ రుచీ ఉండవు. ఆరు నెలల్లోపు పిల్లల్లో ఇది రక్తం ఆక్సిజన్ మోయకుండా అడ్డుపడుతుంది, ఒళ్లు నీలం తిరుగుతుంది. బావి నీళ్లకీ ఈ జబ్బుకీ ఉన్న లింకుని 1945లో అమెరికాలోని అయోవాలో ఒక డాక్టరు బయటపెట్టాడు, ఆయన చూసిన పిల్లలు కూడా ఇలా డబ్బా పాలు తాగినవాళ్లే.

అందుకే కాచడం గురించి జాగ్రత్తగా వినండి. నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచితే సూక్ష్మక్రిములు చస్తాయి, ఎత్తైన కొండ ప్రాంతాల్లో అయితే మూడు నిమిషాలు. నైట్రేట్ మాత్రం పోదు సరికదా, ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. ఆర్సెనిక్, ఫ్లోరైడ్ కూడా అంతే. రిపోర్టు వచ్చేదాకా పాప పాలకి పరీక్షించిన నీళ్లు ఎక్కడి నుంచైనా తెచ్చుకోండి, మిగతా వాళ్లు తాగేవి కాచండి.

శాంపిల్ తీయడంలోనే సగంమంది తప్పు చేస్తారు. సీసా ల్యాబు వాళ్లిచ్చినదే వాడాలి, దాన్ని కడగకూడదు. లోపల చిన్న పొడి కనిపిస్తే అది మురికి కాదు, నీళ్లలో క్లోరిన్ ఉంటే విరిచేయడానికి వేసింది. కొళాయి మూతికి జాలీ ఉంటే విప్పేసి, మూతి శుభ్రం చేసి, మూడు నాలుగు నిమిషాలు నీళ్లు వదిలేసి అప్పుడు పట్టండి. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. చల్లగా ఉంచి అదే రోజు ఇచ్చేయండి, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటలు దాటకూడదు. ఎండాకాలంలో తీసిన శాంపిల్ కన్నా వాన పడి నీళ్లు మబ్బుగా ఉన్న రోజు తీసింది వంద రెట్లు నిజం చెబుతుంది.

మొదటిసారి కాబట్టి ఫ్లోరైడ్, ఆర్సెనిక్, ఐరన్, మాంగనీస్ కూడా చేయించండి, కింద గ్రానైట్ లాంటి రాయి అయితే యురేనియం కూడా. ఇవి రాతిలోంచి వచ్చేవి, నెలనెలా మారవు, కొన్నేళ్లకోసారి చూస్తే చాలు. బ్యాక్టీరియా, నైట్రేట్ మాత్రం కనీసం ఏడాదికోసారి.

చేదతాడు:
మా ఇంట్లో మూడు తరాలుగా బావి నీళ్లే. ఎవరికీ ఏమీ కాలేదు. ఈ టెస్టులన్నీ ల్యాబుల వ్యాపారం. అనవసరంగా భయపెడుతున్నారు పాపం ఆయన్ని.

గాజుసీసా:
అన్నా, ఎప్పటి నుంచో తాగేవాళ్ల ఒంటికి అక్కడి క్రిములు కొంత అలవాటై ఉంటాయి, అందుకే ముందు పడకేసేది ఇంటికొచ్చిన చుట్టాలూ, పసిపిల్లలూ. మూడు తరాల్లో ఎవరికీ కడుపు పాడవలేదంటే నమ్మడం కష్టం, అది నీళ్ల వల్లేనని ఎవరూ అనుకుని ఉండరు.

రింగుమేస్త్రి:
బోర్లు వేయడం, రింగుబావులు దించడం నా పని. "అంత లోతుకి మురికి దిగదు" అన్న మాట మా వాళ్ల నోటే ఎక్కువ వింటాను, సిగ్గేస్తుంది. లోతు ఎంతని కాదు అడగాల్సింది, కేసింగ్ (బోరు గోడ కూలకుండా దించే పైపు) ఎంతవరకు దిగింది, దాని చుట్టూ ఏం పోశారు అని అడగాలి.

రాతి నేలలో 250 అడుగుల బోరంటే 250 అడుగులూ పైపు ఉండదు. పైనున్న మట్టి, మెత్తరాయి దాటేదాకా, అంటే ఏ నలభై అడుగులో అరవై అడుగులో కేసింగ్ వేసి ఆపేస్తారు, కింద అంతా ఒట్టి రంధ్రమే. నీళ్లు రాతి పగుళ్లలోంచి వస్తాయి. ఇసుక పొరల్లో నీళ్లు మెల్లగా వడకట్టుకుంటూ దిగుతాయి గానీ పగుళ్లలో అలా కాదు, వడపోత అనేదే లేదు, గొట్టంలో పారినట్టు పారతాయి. పైగా మేం వేసే రంధ్రం పైపుకన్నా వెడల్పు. ఆ సందులో సిమెంటు పాలో బెంటోనైటో (తడిస్తే ఉబ్బే బంకమట్టి) పోసి బిగించాలి. ఎంతమంది పోస్తున్నారు? మట్టి తోసేసి కాలితో తొక్కి వెళ్లిపోతారు. వాన నీళ్లు ఆ సందులోంచి పైపు చుట్టూ జారి నేరుగా దిగుతాయి. మీరు చెప్పిన వాన మర్నాటి మబ్బు నూటికి తొంభైపాళ్లు ఇదే.

మీరే చూసుకోవచ్చు. కేసింగ్ నేలకి కనీసం అడుగు ఎత్తున పైకి ఉందా? మూతకి రబ్బరు సీలు ఉండి బోల్టులు బిగించి ఉన్నాయా, లేక రేకుముక్కా గోనెపట్టా కప్పారా? మోటారు వైర్లు దిగే కన్నం మూసి ఉందా? చుట్టూ గచ్చు వేసి వాలు బయటికి ఉందా, నీళ్లు బోరు మొదట్లోనే నిలుస్తున్నాయా? కొందరు అందంగా ఉంటుందని బోరు మూతిని గుంటలో పెట్టి పైన బండ వేస్తారు, అంతకన్నా పాపం లేదు, వానొస్తే ఆ గుంట నిండి మూతి మునుగుతుంది.

ఇంకో చిట్కా: మంచి ఎండలో మూత తీసి అద్దంతో వెలుగు లోపలికి కొట్టండి. పైపు గోడ వెంట ఎక్కడైనా నీటి చార కనిపించినా, చప్పుడు చేయకుండా వింటే పైనుంచి చుక్కలు పడుతున్న సవ్వడి వచ్చినా, పైనీళ్లు దిగుతున్నట్టే.

సెప్టిక్ ట్యాంకు కనీసం 50 అడుగుల దూరం ఉండాలి, వాలుకి ఎగువన అసలు ఉండకూడదు. పగుళ్ల రాయి అయితే 50 కూడా చాలదు. ఇంకొకటి ఎవరూ పట్టించుకోనిది: పురుగుమందు డ్రమ్ములో పైపు ముంచి నీళ్లు పడుతూ మోటారు ఆపేశారనుకోండి, ఆ మందు వెనక్కి బోరులోకి లాగేసుకోవచ్చు. లైనులో నాన్-రిటర్న్ వాల్వు ఉండాలి, పైపు మూతి డ్రమ్ములో మునగకూడదు.

కొత్తబోరు:
రింగుమేస్త్రి గారూ, మీరు అచ్చం మా ఇల్లు చూసి రాసినట్టుంది. బోరు మూతి గుంటలోనే ఉంది, పైన బండ. తీసి చూస్తే మూతే లేదు, వైర్ల చుట్టూ పాత గుడ్డ కుక్కారు, గుంటలో ఒక చచ్చిన బొద్దింక. సెప్టిక్ ట్యాంకు టేపుతో కొలిస్తే 27 అడుగులు.

వాన మర్నాడే శాంపిల్ ఇచ్చాను, రిపోర్టు వచ్చింది. టోటల్ కోలిఫాం 38, ఇ-కోలి 4. ఫ్లోరైడ్ 0.7, ఆర్సెనిక్ లేదన్నారు. నైట్రేట్ లీటరుకి 14 మిల్లీగ్రాములు, పరిమితి 50 అని చదివాను కాబట్టి అదొక్కటైనా ఊరట.

ఇంకో చిక్కుంది. పాత ఓనరు హయాం నుంచి పక్క మూడు ఇళ్లకి కూడా ఈ బోరు నుంచే పైపులు వెళ్తున్నాయట, నాకు నిన్ననే తెలిసింది. రేపు వాళ్లకి ఏమైనా అయితే బాధ్యత నాదేనా? దీనికి రూల్స్ ఏమైనా ఉంటాయా?

గాజుసీసా:
ఆగండి, ఊరట పడకండి. నైట్రేట్ 14 పక్కన చిన్నక్షరాల్లో ఏం రాసి ఉంది? 'నైట్రేట్' అనా, 'నైట్రేట్-నైట్రోజన్' అనా? కొన్ని ల్యాబులు మొత్తం నైట్రేట్ బరువు ఇస్తాయి, కొన్ని అందులోని నైట్రోజన్ బరువు మాత్రమే ఇస్తాయి. 50 అన్న పరిమితి మొదటి లెక్కకి. రెండో లెక్కలో పరిమితి సుమారు 11. నైట్రోజన్ లెక్క అయితే 4.43తో గుణించాలి, అంటే మీది 62.

కొత్తబోరు:
నైట్రోజన్ అనే ఉంది. అయ్యో. పాపకి వారంగా బయటి నీళ్లే వాడుతున్నాం, అదృష్టం. అమ్మకి పరవాలేదా?

గాజుసీసా:
ఆ 50 పరిమితి పెట్టింది డబ్బా పాల పిల్లల్ని దృష్టిలో పెట్టుకునే, పెద్దవాళ్లకి ఈ నీలం జబ్బు ముప్పు చాలా తక్కువ. కానీ గర్భిణులు ఎవరైనా ఉంటే వాళ్లూ ఈ నీళ్లు తాగకపోవడం మంచిది. పాపకి నీలం ఛాయ ఏమైనా కనిపించి ఉంటే, పెదాల దగ్గరో గోళ్ల దగ్గరో, ఆలోచించకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఈ రిపోర్టు కూడా తీసుకెళ్లండి.

క్లోరిన్, యూవీ, మామూలు క్యాండిల్ ఫిల్టరు, వీటిలో ఏదీ నైట్రేట్‌ని తీయదు. ఆర్‌ఓ చాలావరకు తీస్తుంది, అయాన్ మార్పిడి ఫిల్టర్లు తీస్తాయి. పెట్టాక బయటికొచ్చే నీళ్లని కూడా టెస్టు చేయించాలి, పెట్టేశాం కదా అని వదిలేయడం కాదు. యూవీ గురించి ఎలాగూ అడుగుతారు కాబట్టి: నీళ్లు మబ్బుగా ఉంటే క్రిములు ఆ మబ్బు చాటున దాక్కుంటాయి, వెలుగు వాటికి తగలదు. అంటే మీకు సరిగ్గా అవసరమైన రోజునే అది పని చేయదు, ముందు వడపోత ఉండాలి.

రింగుమేస్త్రి:
ముందు మూతి బాగుచేయండి, ఆ తర్వాతే క్లోరిన్. రివర్సులో చేస్తే తలుపు తీసి ఇల్లు ఊడ్చినట్టే. గుంటలోంచి కేసింగ్‌ని వెల్డింగుతోనో కప్లింగుతోనో నేలకి అడుగున్నర పైకి పెంచి, గుంట పూడ్చి, పైపు చుట్టూ తవ్వగలిగినంత లోతు తవ్వి సిమెంటు పోసి, సీలు మూత వేయించండి. చుట్టూ గచ్చు.

తర్వాత షాక్ క్లోరినేషన్, అంటే బోరు మొత్తాన్ని ఒక్కసారి గట్టి మోతాదు క్లోరిన్‌తో శుద్ధి చేయడం. దీనికి లెక్క కావాలి, గుప్పెడు పొడి జల్లడం కాదు. తాడుకి బరువు కట్టి వదిలి నీళ్లు ఎక్కడ తగిలాయో చూడండి. ఉదాహరణకి 50 అడుగుల దగ్గర తగిలితే కింద 200 అడుగుల నీళ్లు, అంటే 61 మీటర్లు. బోరు వెడల్పు 15 సెంటీమీటర్లయితే అందులో ఉండేది సుమారు 1,080 లీటర్లు. లీటరుకి 100 మిల్లీగ్రాముల క్లోరిన్ రావాలంటే 108 గ్రాములు, బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ 33 శాతం ఉంటే 330 గ్రాముల పొడి. పాత డబ్బా అయితే బలం తగ్గిపోయి ఉంటుంది, కొత్తది తెచ్చుకోండి. బకెట్లో కలిపి, సున్నం అడుగుకి దిగాక పైన తేట మాత్రమే బోరులో పోయండి. ఒక పైపు పెట్టి మోటారు ఆన్ చేసి ఆ నీళ్లనే మళ్లీ బోరు గోడల మీదికి ఓ గంట తిప్పండి, ప్రతి కొళాయీ వాసన వచ్చేదాకా తెరిచి కట్టేయండి. ఆర్‌ఓ ఉంటే ముందే బైపాస్ చేయండి. పన్నెండు గంటల నుంచి ఒక రోజు వరకు వదిలేసి, తర్వాత వాసన పోయేదాకా తోడి పారేయండి, సెప్టిక్ ట్యాంకులోకీ చెట్లకీ చెరువులోకీ కాదు. ఆ పక్క మూడు ఇళ్లకీ ముందే చెప్పండి, లేకపోతే గొడవే. గాలి ఆడే చోట కలపండి, యాసిడ్‌తో ఏ రకంగానూ కలవనీయకండి, విషవాయువు వస్తుంది. వారం పది రోజులాగి టెస్టు.

రింగుబావి ఉన్నవాళ్లు ఇది చదివి శుభ్రం చేద్దామని లోపలికి దిగకండి బాబూ. పైకి మామూలుగా కనిపించే బావి అడుగున ఆక్సిజన్ లేకపోవచ్చు, పడిపోయినవాణ్ని తీయడానికి దిగిన రెండోవాడూ పోతాడు.

కాలువగట్టు:
రూల్స్ సంగతి నేను చెబుతాను. చాలా దేశాల్లో చట్టం గేటు దగ్గర ఆగిపోతుంది. అమెరికాలో 1974 నాటి తాగునీటి చట్టం కనీసం 15 కనెక్షన్లకో 25 మందికో నీళ్లిచ్చే వ్యవస్థలకే వర్తిస్తుంది, సొంత బావికి కేంద్ర సంస్థ ప్రమాణాలేవీ వర్తించవు, రాష్ట్రాల ఇష్టం. అక్కడే న్యూజెర్సీలో మాత్రం 2002 నుంచి బావి ఉన్న ఇల్లు అమ్మాలంటే నీళ్లు టెస్టు చేయించి ఆ రిపోర్టు కొనేవాళ్ల చేతిలో పెట్టాల్సిందే. మీకు అలాంటి రూలు ఉండుంటే ఆ చచ్చిన బొద్దింక కొనకముందే కనిపించేది. ఇంగ్లండ్‌లో 2016 నిబంధనల ప్రకారం, పంచుకునే బావుల్నీ వ్యాపారానికి వాడేవాటినీ స్థానిక సంస్థ అయిదేళ్లకోసారి ప్రమాద అంచనా వేయాలి, ఒక్క ఇంటి బావినైతే ఓనరు అడిగితేనే. నాకు ఆ విభజన సబబుగా అనిపిస్తుంది. మీ ఒక్కరి బావి మీ ఇష్టం, నలుగురికి ఇచ్చిన నిమిషం నుంచి మీరు చిన్నపాటి నీటి సరఫరా సంస్థ.

మీ దగ్గర చట్టం ఏమందో స్థానిక కార్యాలయంలో అడగండి. చట్టం ఉన్నా లేకపోయినా ఆ మూడు ఇళ్లకీ ఈరోజే రిపోర్టు కాపీ ఇవ్వండి, ఇ-కోలి ఉందని తెలిసీ చెప్పకపోవడం వేరే లెక్క. తర్వాత టెస్టు ఎవరు చేయించాలి, మోటారు ఎవరు చూడాలి, ఖర్చు ఎలా పంచుకోవాలి అన్నది ఒక కాగితం మీద రాసుకోండి.

చేదతాడు:
చట్టం చట్టం అంటారు. కెనడాలో వాకర్టన్ అని ఊరుంది, 2000లో అక్కడ బావి నీళ్లు తాగి ఏడుగురు పోయారు, 2,300 మంది మంచం పట్టారు. అది సొంత బావి కాదు, ఊరి సరఫరా బావి, రూల్సూ రికార్డులూ అన్నీ ఉన్నాయి. ఏం ఒరిగింది?

కాలువగట్టు:
మంచి ఉదాహరణ తెచ్చారు, నిజంగానే. లోతు తక్కువ బావి, గట్టి వాన, పక్క పొలంలో పశువుల ఎరువు, కింద పగుళ్ల రాయి, ఈ థ్రెడ్డులో మేస్త్రి గారు చెప్పినవన్నీ అక్కడున్నాయి. క్లోరిన్ కొలవకుండానే కొలిచినట్టు రికార్డుల్లో అంకెలు రాశారు. కాబట్టి కాగితం మీది రూలు కాపాడదన్న మీ మాట ఒప్పుకుంటాను. కానీ అదే అంకెలు ఎవరో ఒకరు చూసి ప్రశ్నించాల్సి ఉంది, సొంత బావికి ఆ అబద్ధపు అంకెలు కూడా లేవు కదా.

పెత్తనం నాకూ ఇష్టం లేదు. నన్నడిగితే రెండే రూల్స్ చాలు: బోరు వేసేవాడికి లైసెన్సు ఉండాలి, కేసింగ్ ఎంత దించాడు, సందులో ఏం పోశాడు, ఏ లోతులో ఏ పొర తగిలింది అని రాసిచ్చి ఒక కాపీ ప్రభుత్వానికి ఇవ్వాలి. అమ్మినప్పుడూ పంచుకున్నప్పుడూ టెస్టు. నేల లోపలి నీళ్లు కదా అని నమ్మి మోసపోయిన దేశం బంగ్లాదేశ్ ఉండనే ఉంది. చెరువు నీళ్లతో విరేచనాలని 1970ల నుంచి లక్షలకొద్దీ గొట్టపు బావులు దింపారు, క్రిములు లేవని సంతోషించారు, ఆర్సెనిక్ కోసం ఎవరూ చూడలేదు. 1993లో గానీ బయటపడలేదు. తర్వాత ఒక్కో బావినీ టెస్టు చేసి ఎక్కువున్న వాటికి ఎరుపు, తక్కువున్న వాటికి ఆకుపచ్చ రంగు వేశారు. పక్కపక్క బావుల్లోనే ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ వచ్చేది, కాబట్టి పొరుగువాళ్ల రిపోర్టు చూసి మీదీ అంతే అనుకోవడానికి లేదు.

చేదతాడు:
బోరు వేసేవాడు రాసివ్వాలన్నది మాత్రం ఒప్పుకుంటాను. మాకు వేసినవాడు 300 అన్నాడు, తాడు 210కే ఆగిపోయింది.

కొత్తబోరు:
ఐదు వారాల తర్వాత వచ్చాను. మూతి పెంచి, గుంట పూడ్చి, సిమెంటు పోయించాం. తవ్వితే మేస్త్రి గారు చెప్పినట్టే పైపు చుట్టూ వేలు దూరేంత సందు, సిమెంటు జాడే లేదు. క్లోరిన్ వేశాక పది రోజులకి టెస్టు: టోటల్ కోలిఫాం 0, ఇ-కోలి 0. నైట్రేట్ మాత్రం 61, కదల్లేదు. వంటింట్లో ఆర్‌ఓ పెట్టాం, దాని బయటి నీళ్లలో 9 వచ్చింది, ఈసారి యూనిట్ అడిగి మరీ రాయించుకున్నాను, నైట్రేట్ లెక్కే. అయినా పాపకి ఆరు నెలలు నిండేదాకా బయటి నీళ్లే అని మా ఆవిడ తేల్చేసింది.

పక్క ఇళ్లలో ఇద్దరు సంతకం పెట్టారు, మూడో ఆయన "ఇన్నాళ్లు లేనిది ఇప్పుడేంటి" అంటున్నాడు, ఆయనకి రిపోర్టు ఇచ్చి అందినట్టు మెసేజ్ పెట్టించుకున్నాను. సెప్టిక్ ట్యాంకు మార్చడానికి స్థలం చూస్తున్నాం. కొత్త సీసా తెచ్చి పెట్టుకున్నాను, మళ్లీ గట్టి వాన పడలేదు ఇంకా.